నియమావళిని సవరింపవలసిన దెవరు?

రాజకీయపక్షముల నియమావళి యనగానే మనలో చదువుకొన్నవారు సైతము దానిని గుమాస్తాల పనిగా భావింతురు. నాయకుని ఉపన్యాసమును విందురు, ఊరేగింపును చూతురు, ఎన్నికల ఫలితములకై రాత్రియంతయు మేలుకొందురు. కాని ఆ పక్షమున సభ్యుడెవడు, ప్రతినిధిని పంపువారెవరు, మహాసభలో ఏ విషయము చర్చకు వచ్చును, వచ్చినదానిని ఎవరు ఆపగలరు అను నాలుగు ప్రశ్నలకు జవాబు వ్రాసియున్న చిన్నపుస్తకమును చేతబట్టిన వారు అరుదు. ఉమ్మడికుటుంబమున ధాన్యపుకొట్టు తాళపుచెవి ఎవరి కొంగున నున్నదో కోడండ్ర కందరికిని తెలియును. రాజ్యమను పెద్దకొట్టు తాళపుచెవి ఎచ్చట నున్నదో తెలిసికొనుటకు మాత్రము మనకు కుతూహలము లేదు. శాసనసభకు నిలుచువారిని ముందుగా ఎంచునది పక్షము. మనము ఓటు వేయునది ఆ యెంపిక ముగిసిన తరువాతనే. కావున పక్షపు నియమావళి మంచిదో చెడ్డదో విచారించుట ప్రతి గృహస్థునకును గృహిణికిని విధి యని నా తలంపు.

నేను నివసించునది తడ. ఊరు దాటి దక్షిణమునకు కొలదిదూరము పోయిన ఆరంబాకము, అది తమిళనాడు. తూర్పున పులికాటు సరస్సు. 2022 ఏప్రిలు వరకు నెల్లూరు జిల్లాలో నుండిన మా యూరు ఆ నెలలో తిరుపతి జిల్లాలో చేరినది. మా వీధులలో తెలుగును తమిళమును కలసియే వినబడును. ఈ సరిహద్దు ఎట్లు వచ్చినదని మా పిల్లల నడిగినచో, 1953 అక్టోబరు 1వ తేదీన ఏర్పడిన ఆంధ్రరాష్ట్రమును గూర్చియు, 1960 ఏప్రిలులో అమలునకు వచ్చిన సరిహద్దుల మార్పు చట్టమును గూర్చియు చెప్పుదురు. ఆ చట్టము వలననే తిరుత్తణి మదరాసు రాష్ట్రమునకు పోయినది. సత్యవేడు ప్రాంతపు గ్రామములు మనకు వచ్చినవి. ఇదంతయు నిజమే. కాని ఆంధ్రమను రాజకీయమైన యెల్ల మొదట గీయబడినది చట్టములో కాదు. ఒక పక్షపు నియమములలో.

1913లో బాపట్లలో తొలి ఆంధ్రమహాసభ జరిగిన నాటినుండి తెలుగుజిల్లాలకు ప్రత్యేక రాష్ట్రము కావలెనను మాట బలపడెను. దొరతనమువారు వినలేదు. అప్పుడు మనవారు చేసిన యుక్తమైన పని యేమనగా, దొరతనమును వేడుకొనుటతో ఆగక, కాంగ్రెసు నిబంధనలను సవరింప జూచుట. 1917 డిసెంబరులో కలకత్తా కాంగ్రెసు సందర్భమున ఈ విషయము తీవ్రమైన చర్చకు వచ్చెను. ఆ కాంగ్రెసుకు అధ్యక్షురాలైన అనిబిసెంటు దీనికి అనుకూలురాలు కాదు. గాంధీగారు రాజ్యాంగ సంస్కరణలు వచ్చువరకు ఆగవచ్చునని తలచిరి. లోకమాన్య తిలకు మాత్రము భాషను బట్టిన విభజన లేక నిజమైన రాష్ట్రస్వపరిపాలనము కలుగదని గ్రహించి మనవారిని బలపరచెను. తుదకు ఆంధ్రులకు ప్రత్యేక కాంగ్రెసు మండల మంగీకరింపబడెను. 1918లో ఆంధ్రరాష్ట్ర కాంగ్రెసు సంఘము న్యాయపతి సుబ్బారావు అధ్యక్షతను, కొండ వెంకటప్పయ్య కార్యదర్శిత్వమున ఏర్పడెను. 1920 నాగపురపు నియమావళి ఈ సూత్రమునే దేశమంతటికి విస్తరించి, భాషలను బట్టి ఇరువదియొక్క కాంగ్రెసు రాష్ట్రములను నిర్ణయించెను. దొరతనపు పటమున లేని ఆంధ్రము ముప్పదియైదేండ్లు ఒక పక్షపు నియమములలో నివసించి, పిమ్మట పటమున కెక్కినది. నియమావళి గుమాస్తాల పని యనువారు ఈ సంగతిని స్మరింతురు గాక.

నియమము తలుపు వంటిది. మూయుటయు దానిచేతనే, తెరచుటయు దానిచేతనే. 1907లో సూరతు కాంగ్రెసు అధ్యక్షుని యెన్నిక విషయమునను తీర్మానముల విషయమునను భగ్నమయ్యెను; వేదికపైకి చెప్పు విసరబడెను; కుర్చీలు లేచెను. అధ్యక్షుని యెంపికపై వివాదము వచ్చినపుడు దానిని తీర్చుటకు ఉభయులును మన్నించు నిబంధన ఆనాటికి లేకుండెను. మరుసటి సంవత్సరము అలహాబాదులో మితవాదులు నియమావళిని వ్రాసికొనిరి. కాని దానిని అతివాదులు లోనికి రాలేనట్లు వ్రాసిరి. ఎనిమిదేండ్లు కాంగ్రెసు నిస్సారమైపోయెను. 1915లో బొంబాయిలో ప్రతినిధుల యెన్నికకు సంబంధించిన ఒక్క నిబంధనను సవరించినంతనే తలుపు తెరచుకొని, 1916లో లక్నోలో ఉభయులును మరల కలసిరి. ఉపన్యాసములు చేయలేని పనిని సవరణ చేసినది.

నాగపురపు నియమావళిని కూడ ఈ కంటితోనే చూడవలెను. అంతకుముందు ప్రతినిధుల సంఖ్యకు మితి లేకుండుటచే సభ యే యూర జరిగిన ఆ ప్రాంతపువారి బలమే బలముగా నుండెడిది. నాగపురమునకు వచ్చిన ప్రతినిధులు పదునాలుగు వేలకు మించిరి. అంతమంది కూడినచోట జయధ్వానమే కాని చర్చ యెక్కడిది? గాంధీగారు కేల్కరు, ఐ. బి. సేనుల సహాయమున సిద్ధపరచిన నియమావళి ఏబదివేల జనమునకు ఒక ప్రతినిధి యని నిర్ణయించెను. నాలుగణాల చందా యిచ్చి ధ్యేయము నంగీకరించినవారు సభ్యులు. పదునైదుగురి కార్యవర్గము ఏడాది పొడవునను పనిచేయును. అదివరకు డిసెంబరులో మూడు దినములు జరుగు వేడుకగా నుండిన సభ ఈ నియమములచేత పల్లెవరకు వేళ్లు పారిన సంస్థయైనది.

అయినను మంచి నియమావళియందును సందులుండును. 1939లో కాంగ్రెసు అధ్యక్షపదవికి సుభాసుబోసును మన పట్టాభి సీతారామయ్యయు పోటీ చేసిరి. ప్రతినిధుల ఓట్లలో బోసుకు 1,580, పట్టాభికి 1,377 వచ్చెను. కార్యవర్గమును నియమించు అధికారము నియమావళి ప్రకారము అధ్యక్షునిది. కాని త్రిపురి మహాసభలో గోవింద వల్లభ పంతు ప్రతిపాదించిన తీర్మానము, అధ్యక్షుడు గాంధీగారి యభీష్టము ననుసరించి కార్యవర్గమును నియమింపవలెనని కోరెను. బోసు ఏప్రిలులో రాజీనామా చేసెను. ఎవరి పక్షమున న్యాయమున్నదను చర్చలోనికి నేను పోను. ప్రతినిధులు ఎన్నుకొన్న అధ్యక్షునకును, ఆ ప్రతినిధులే కూడిన మహాసభకును భేదము వచ్చినపుడు ఏది చెల్లునో నియమావళి స్పష్టముగా చెప్పకపోయినచో, వ్యక్తుల పలుకుబడియే నియమమగును. ఇదియే నేను గ్రహించిన పాఠము.

ఇక మన కాలమునకు వత్తము. 2022 జూలైలో గుంటూరు సమీపమున జరిగిన ప్లీనరీలో వై. ఎస్. ఆర్. కాంగ్రెసు పార్టీవారు నియమావళిని సవరించి, తమ నాయకుని జీవితకాలపు అధ్యక్షునిగా చేసిరని ప్రకటితమయ్యెను. ఆ సెప్టెంబరులో భారత ఎన్నికల సంఘము, శాశ్వతపదవి ప్రజాస్వామ్యమునకు విరుద్ధమని ఆక్షేపించి, ఆ వార్తను బహిరంగముగా ఖండింపుమని ఆ పార్టీని ఆదేశించెను. ఇది ఒక్క పక్షపు దోషమని సంతోషించుటకు ఇతరులకు హక్కు లేదు. కాంగ్రెసు 2022 అక్టోబరులో ఇరువదిరెండేండ్ల తరువాత అధ్యక్షపదవికి పోటీతో ఎన్నిక జరిపి, ఖర్గేకు 7,897, థరూరునకు 1,072 ఓట్లని లెక్క చెప్పెను, మెచ్చుకొనదగినదే. కాని 2023 ఫిబ్రవరిలో రాయపురమున కార్యవర్గమును పెద్దదిచేసి, అందు సగము స్థానములను వెనుకబడినవారికి, దళితులకు, గిరిజనులకు, అల్పసంఖ్యాకులకు, స్త్రీలకు, యువకులకు కేటాయించుచునే, ఆ వర్గమునకు ఎన్నిక జరుపక నియామకాధికారమును అధ్యక్షునికే విడిచెను. కూర్చుండువారు మారిరి, కూర్చుండబెట్టు చేయి మారలేదు.

చట్టము మనకు ఎంతవరకు తోడ్పడును? 1951 ప్రజాప్రాతినిధ్యపు చట్టమున 1989లో అమలునకు వచ్చిన 29-ఏ విభాగము, నమోదు కోరు ప్రతి పక్షమును రాజ్యాంగమునకును ప్రజాస్వామ్యమునకును విధేయత చూపునట్లు తన నియమావళిలో వ్రాసికొనుమనును. పక్షములోపలి యెన్నిక ఎట్లు జరుగవలెనో మాత్రము విడమరచి చెప్పదు. మాట తప్పిన పక్షపు నమోదును రద్దుచేయు అధికారము, మోసముతో నమోదైనపుడు మున్నగు కొలది సందర్భములలో తప్ప, ఎన్నికల సంఘమునకు లేదని సుప్రీముకోర్టు 2002లో తీర్పు చెప్పినది. పక్షములోపలి ప్రజాస్వామ్యమునకు చట్టము కావలెనని న్యాయసంఘము 1999లోనే సిఫారసు చేసెను. కనుక ప్రస్తుతమునకు సవరణ యన్నది లోపలి సభ్యులే చేసికొనవలసిన పని.

నేనును ఒక పక్షమున చిరకాలముగా సభ్యుడను. దాని పేరు ఇచ్చట అనవసరము. ఇతర పక్షముల సభ్యులైన మిత్రులును ఇట్టి కథలనే చెప్పుచున్నారు. పులికాటు ముఖద్వారములు ఇసుకతో పూడి, సముద్రపునీరు లోనికి సరిగా రాక, చేపయు రొయ్యయు తగ్గి జాలరుల కుటుంబములు పట్టణములకు కూలికి పోవుచున్నవి. ఒక మహాసభకు ముందు మా శాఖ ఈ విషయమున ఏకగ్రీవముగా ఒక తీర్మానము చేసి పైకి పంపెను. జవాబు రాలేదు. మహాసభలో అచ్చుపడిన తీర్మానములు చదువబడెను, చప్పట్లు మ్రోగెను, భోజనములు ముగిసెను. క్రిందిశాఖ తీర్మానము ఏ నిబంధన ప్రకారము సభముందునకు వచ్చునని మా కార్యదర్శి నడిగితిని. ఆతడు మంచివాడు. "అన్నా, అట్లాంటి రూలేం లేదన్నా. పైవాళ్లు రాసిందే వస్తాది" అని నిజము చెప్పెను.

ఈ మాటను విన్నవారిలో, సరస్సు దక్షిణపుటొడ్డున పుట్టి మా వైపు పాళెమునకు మెట్టిన ఒక ముదుసలి యుండెను. ఆ యొడ్డున జాలరులలో 'పాడు' అను కట్టుబాటు గలదు. చేపలు పడు తావులను చీట్లువేసి వంతులుగా పంచుకొందురు. నేటి మంచితావు రేపు మరియొకనిది. ఆమె యనినది: "మా పుట్టింటి కాడ వల యాడ ఎయ్యాల్నో చీటీ ఎత్తి చెప్తారు సామీ. మీ మీటింగులో చీటీ కూడా లేదా?" అక్షరము రానివారి కట్టుబాటులో నున్న న్యాయము, అచ్చుపడిన మా నియమావళిలో లేకపోయెను.

అంతట నేను కూర్చుండి అయిదు సవరణలు వ్రాసితిని. మొదటిది, మహాసభకు రాబోవు తీర్మానములును నియమావళి సవరణలును రెండు నెలలు ముందుగా, తెలుగున, ప్రతి శాఖకు చేరవలెను. ఇది అసాధ్యము కాదు. మార్క్సిస్టు కమ్యూనిస్టు పార్టీ నియమావళిలో సవరణలకు రెండు నెలల గడువు చిరకాలముగా నున్నది. రెండవది, మూడు జిల్లాలలోని ఇరువది శాఖలు ఒకే తీర్మానమును చేసినచో అది తప్పక సభముందునకు రావలెను. దానిని ఓడించుటకు సభకు హక్కు గలదు కాని దాచుటకు ఎవరికిని లేదు. మూడవది, పదవులకును నియమావళి సవరణలకును రహస్యముగా ఓట్లు తీసికొని, లెక్కను ప్రకటింపవలెను. చప్పట్లు ఓట్లు కావు. నాలుగవది, ఏ పదవియు ఒకనికి వరుసగా రెండు తడవలకు మించరాదు. ఈ నిబంధనను మార్చుటకు వరుసగా రెండు మహాసభల యంగీకారము కావలెను. అయిదవది, ప్రతి శాఖయు పంపు ప్రతినిధులలో మూడవవంతునకు తక్కువ కాకుండ స్త్రీలుండవలెను. వారిని ఎన్నుకొను సమావేశము వంటవేళ జరుగరాదు. ఈ చివరిమాటకు కొందరు నవ్విరి. సాయంకాలము ఏడుగంటలకు సమావేశము పెట్టి, స్త్రీలు రాలేదని చెప్పుటకంటె నవ్వదగినది వేరొకటి లేదు.

ఆక్షేపణలు రెండు వినబడినవి. ఇట్టి నియమములచేత పక్షములో చీలికలు వచ్చునని మొదటిది. సూరతు చరిత్ర దీనికి ప్రత్యుత్తరము. భేదము నియమము వలన పుట్టదు. చెప్పుకొనుటకు చోటులేనపుడు అది చెప్పుగా మారి వేదికపైకి వచ్చును. రెండవది మరింత బలమైనది: కాగితముపై వ్రాసినంత మాత్రమున పెద్దలు దానికి లోబడుదురా? లోబడక పోవచ్చును. కాని కాగితము లేనివాడు అన్యాయము జరిగినదని నిరూపింపలేడు. కాగితమున్నవాడు ఏ నిబంధన ఉల్లంఘింపబడినదో వ్రేలుపెట్టి చూపగలడు. 1923లో కాకినాడ కాంగ్రెసు సందర్భమున ఖద్దరు ప్రదర్శనశాల ద్వారమున స్వచ్ఛందసేవికగా నిలిచిన పదునాలుగేండ్ల దుర్గాబాయి, టిక్కెట్టు లేదని జవహరులాలు నెహ్రూనే ఆపెను. నిర్వాహకులు టిక్కెట్టు తెచ్చి యిచ్చిన పిమ్మటనే ఆయన లోనికి పోయెను. ఆ బాలికను మెచ్చుకొనెను. ఆమె చేతనున్నది అధికారము కాదు, అందరికిని ఒక్కటియైన నియమము. దానిని పాటించు బాలికయు, దానికి తలయొగ్గు నాయకుడును ఉన్ననాడు కాగితమునకు ప్రాణము వచ్చును.

నా సవరణలు నేటివరకు చర్చకు రాలేదు. వానిని చర్చకు తెచ్చు నిబంధన లేకపోవుటయే అందులకు కారణము. అది వాని యావశ్యకతకే సాక్ష్యము. ఇటీవల మా పొరుగుశాఖలు రెండు అదే పాఠమును తమ పేర పంపినవి. ఇరువదికి ఇంకను పదునేడు కావలెను. చదువరులారా, మీ యింటికి ఏ పక్షమువారైనను సభ్యత్వపు రసీదుపుస్తకముతో వచ్చినపుడు, డబ్బు ఇచ్చుటకు ముందు నియమావళిని అడుగుడు. దానిని ఇంటిలోని స్త్రీలును యువకులును వినునట్లు బిగ్గరగా చదువుడు. తాళపుచెవి ఎవరి కొంగున నున్నదో అందు కనబడకున్నచో, ఒక సవరణ వ్రాసి, దానిపై ఇంటిల్లిపాదియు సంతకము చేసి, వచ్చినవారి చేతికే ఇండు.