గాదె నింపినవారు

కృత్రిమ మేధ ప్రవేశించిన సంస్థలలో కొత్తదనమంతా యంత్రం నుండే పుడుతుందని, మనుషులతో ఇక అంతగా పని ఉండదని ఒక అభిప్రాయం వ్యాపించింది. మా అధ్యాపకుల గదిలోనూ ఈ మాట తరచు వినవస్తున్నది. మేము దీనితో ఏకీభవించలేము.

ఆల్ఫాఫోల్డ్ చరిత్రే ఇందుకు మాకు ఆధారం. ప్రొటీన్లు, అనగా మాంసకృత్తులు, పొడవైన దారం వలె పుట్టి ముడుచుకొని ఒక ఆకృతిని పొందుతాయి. ఆ ఆకృతిని తెలుసుకొనటానికి స్ఫటికం పెంచి, దానిపై ఎక్స్-కిరణాలు ప్రసరింపజేయటం ఒక ముఖ్య పద్ధతి. ఒక్క ప్రొటీనుకే ఏళ్లు గడచిన సందర్భాలు కలవు. లండనులోని డీప్‌మైండ్ సంస్థ నిర్మించిన ఆల్ఫాఫోల్డ్ 2020 నాటి పోటీలో ఈ ఆకృతులను ఆశ్చర్యకరమైన ఖచ్చితత్వంతో ఊహించింది. 2022లో 20 కోట్లకు పైగా ఆకృతులు లోకానికి ఉచితంగా అందాయి. 2024 రసాయనశాస్త్ర నోబెల్ బహుమతిలో సగభాగం ఆ సంస్థకు చెందిన డెమిస్ హసాబిస్, జాన్ జంపర్‌లకు లభించింది. నేడు ఎన్నో ప్రయోగశాలలు ముందు యంత్రపు ఊహను చూచి, పిమ్మట ప్రయోగానికి పూనుకుంటున్నాయి. పని వరుసే మారిపోయింది.

అయితే ఆ యంత్రం దేనిని చదివి నేర్చుకొన్నది? 1971లో కేవలం 7 ఆకృతులతో మొదలైన ప్రొటీన్ డేటా బ్యాంకు అనే గాదె ఒకటున్నది. దేశదేశాల శాస్త్రజ్ఞులు దాదాపు ఏభై ఏళ్లపాటు తాము కనుగొన్నది బీరువాలలో దాచుకొనక తెచ్చి అందులో పోశారు. ఆల్ఫాఫోల్డ్ అభ్యాసానికి అక్కరకు వచ్చినవి వారి చేతి మీదుగా వచ్చిన సుమారు 1,70,000 ఆకృతులే. బహుమతి వేళ వారి పేర్లు వినబడకపోవటం లోకసహజం!

తెలుగు బోధించే మాకు ఈ సంగతి మరొక విధంగా తగులుతున్నది. ఈ సంచికకు వచ్చిన కథలలో కొన్నింటిని యంత్రసహాయంతో వ్రాశామని విద్యార్థులే చెప్పారు. భాష నిర్దుష్టం. కాని ముస్లిం కుటుంబాల కథలలో సైతం దాదీమా మాయమై నాయనమ్మ వచ్చింది. ఇఫ్తారు వేళ మన ఇళ్లలో వినబడే ఉర్దూ కలిసిన తెలుగు ఒక్క వాక్యమైనా లేదు. యంత్రాన్ని నిందించి ఫలమేమి? ఆ తెలుగును మనము ఏ గాదెలో పోశాము?

కమిటీవారు కొత్త కంప్యూటర్లు కొనదలచినారని విన్నాము. సంతోషం. వాటితోపాటు రెండు రికార్డర్లు కూడా ఇప్పించవలసినదిగా మా మనవి. విద్యార్థులు సెలవులలో ఇంటి పెద్దల అనుమతితో వారి ముచ్చట్లు, సామెతలు, వృత్తిపదాలు నమోదు చేసి గ్రంథాలయానికి ఇవ్వాలి. ఉర్దూ మాటల విషయంలో ఆ శాఖ మిత్రులు తోడ్పడతామన్నారు. పదాల పట్టిక వ్రాసే పని మేము చూచుకొంటాము.