బాసర సత్రమున బాకుల ముచ్చట

గడచిన మాఘమాసమున మా చిన్నమ్మాయికి అక్షరాభ్యాసము చేయింపవలెనని మేము బాసరకు పోయితిమి. వసంతపంచమినాడు సందడి మిక్కుటమని విని, ఆ పండుగ గడచిన వారమునకు ప్రయాణము పెట్టుకొంటిమి. నిజామాబాదున రైలెక్కినచో దూరము స్వల్పమే. స్టేషను వచ్చుననగా గోదావరివంతెన తగులును. పెట్టెలోని ఆడువారందఱును కిటికీలయొద్దకు జేరి చిల్లరనాణెములు విసరిరి. మా పిల్లయు నొక రూపాయి విసరి, అది నీటబడెనో, వంతెన యినుముపై నిలిచిపోయెనో తెలియక, ఊరు చేరువఱకు విచారించుచునే యుండెను.

కురుక్షేత్రసంగ్రామము ముగిసిన పిమ్మట వ్యాసభగవానుడు మనశ్శాంతి గోరి యీ గోదావరీతీరమునకు వచ్చెననియు, దినమునకు మూడు పిడికిళ్ల యిసుక తెచ్చి మువ్వురమ్మలను నిలిపెననియు స్థలపురాణము. ఆయన పేరిటనే యీ యూరు వ్యాసరయై, వాసరయై, బాసరయైనదందురు. పూర్వము ఆదిలాబాదు జిల్లాలో నుండి, 2016 నుండి నిర్మల జిల్లాలోనిదైనది. జ్ఞానసరస్వతి పసుపుపూతతో దర్శనమిచ్చును. ఆ పసుపే ప్రసాదము. మహాలక్ష్మియు, మహాకాళియు చెంతనే కలరు.

యుద్ధము విడిచి వ్యాసుడు వచ్చిన యీ చోటికి మా మామగారు ఆయుధమును మూటగట్టి తెచ్చిరి! పలకయు బలపమును ఉన్న సంచిలో దానిని జూచి మాకు మనసొప్పలేదు. కాని పెద్దవారితో ఏమందుము?

అది వారి తండ్రిగారిది. ఆయన 1939లో మొదలైన మహాయుద్ధమున బర్మాకు పోయి, తుపాకి కొనను తగిలించుకొను బాకు నొకదానిని ఇంటికి తెచ్చుకొనిరి. బాయినెట్టనియు, దక్కనువారు సంగీననియు దీనినే యందురు. పోరులో మొన విఱిగి పొట్టిదయ్యెనని మా యింట మూడుతరములుగా చెప్పుకొందురు. మేము కాపురమునకు వచ్చిన నాటినుండి అది వంటయింటి మేకునకు వ్రేలాడుచు, కొబ్బరిపీచు ఒలుచుటకు పనికివచ్చుచుండెను. మావారి బాల్యమిత్రులు ముగ్గురు ఇట్టి పాతబాకులను సేకరించువారు. వారును సకుటుంబముగ బాసరకు వచ్చుచుండిరి గనుక, చూపవలెనని మామగారి ముచ్చట.

రాత్రి భోజనములైన పిదప సత్రపు వసారాలో చాపలు పఱచుకొని వారు ప్రశ్నలపోటీ మొదలిడిరి. ఓడినవారు మఱునాడు అందఱి కొబ్బరికాయలును కొనవలెను. మేము పిల్లలను నిద్రపుచ్చుచు గడపలోపలనుండి వింటిమి. పురుషుల పందెములు సాధారణముగ అరపులతో ముగియును; ఇది మాత్రము వినదగియుండెను.

బాయినెట్టను పేరెట్లు వచ్చెను? ఫ్రాన్సులోని బయోన్ పట్టణమునుండి యని తపాలాకచేరిలో పనిచేసి విశ్రాంతి పొందినవారు చెప్పిరి. మా బాకుపై 1907 అని ముద్రయున్నది. ఆ సంవత్సరమునే చేసినదా? కాదట. అది నమూనా పేరు మాత్రమే. చేసిన సంవత్సరము వేఱుగ ముద్రింతురు. పిడి చివర రంధ్రమెందులకు? మేకునకు తగిలించుటకని మా పెద్దవాడు నిద్రమత్తులో కేకవేసెను. మురికి తొలగుటకై 1916లో ఆ రంధ్రమును చేర్చిరని వైద్యులైన మిత్రులు నవ్వుచు సవరించిరి.

తొలినాళ్లలో ఈ బాకు పిడిని తుపాకిగొట్టము నోటిలోనే దూర్చెడివారట. దూర్చినచో తుపాకి పేలదు. 1689లో స్కాట్లండున కిల్లీక్రాంకీయొద్ద ప్రభుత్వసైనికులు బాకులు దూర్చుకొనులోపలనే కొండవాండ్రు కత్తులతో మీదబడి చెల్లాచెదరు చేసిరట. పిమ్మట గొట్టము వెలుపల తొడుగు పద్ధతి ప్రబలమయ్యెను.

ఇంతలో మావారు, "మా ఇంటివారిని గూడ ఒక ప్రశ్న వేయనిండు" అనిరి. మేము సిగ్గుపడియు, చిన్ననాడు తండ్రిగారియొద్ద చదివినది తలచుకొని అడిగితిమి: "ధనుర్వేదమున ఆయుధములు నాలుగు విధములు. విసరెడి చక్రము ముక్తము. చేత నిలుచు ఖడ్గము అముక్తము. రెండువిధముల పనికివచ్చు ఈటె ముక్తాముక్తము. వింట వెడలు బాణము యంత్రముక్తము. మీ బాకు తొడిగిన తుపాకి ఎందులోనిది?" వారు చాలసేపు వాదులాడిరి. గుండు యంత్రముక్తము, బాకు అముక్తము, కావున ఒక్క కఱ్ఱకు రెండు జాతులని మేము చెప్పగా ఒప్పుకొనిరి. కిల్లీక్రాంకీలో అముక్తమును దూర్చి యంత్రముక్తమును పోగొట్టుకొనిరని తపాలావారు చమత్కరించిరి.

అప్పుడు మామగారు మూట విప్పిరి. "ఈ నమూనాకు అలుగు పదునేడు అంగుళములట. ఇది పండ్రెండే. ఏల?"

ఎవరును పలుకలేదు. సాయంకాలమే వైద్యులు తమ చేతిఫోనులో పటములు చూపుచుండగా మేమును చూచియుంటిమి. ఇట్టి పొట్టిబాకులే మూడు, మొనలు ఒక్కరీతిగ నుండెను. యుద్ధకాలమున మనదేశపు కర్మాగారములలో పొడవు తగ్గించినవని వారు మావారితో అనిరి. ఇప్పుడు ముగ్గురును తలలు వంచి "మాకు తెలియద"నిరి. అంతవఱకు ఒక్కటియు తప్పని తపాలావారును అంతే. మామగారు సంతోషముతో విఱిగిన కథ యంతయు చెప్పిరి. వారి మౌనము మర్యాదయే కాని, మాకు ఆ రాత్రి నిద్రపట్టలేదు.

తెల్లవారుజామున స్నానఘట్టమునకు పోవుచు మామగారు, "అమ్మాయీ, వారికి నిజముగ తెలియదా?" అని అడిగిరి.

"ఇట్టివి మఱి మూడు వారి ఫోనులో చూచితిని, మామయ్యా."

వారు కొన్ని మెట్లు దిగి నిలిచిరి. "నాయన ఎన్నడును ఆ యుద్ధముమాట ఎత్తలేదు. ఆ కథ మా అమ్మ చెప్పినది" అని మాత్రమనిరి. చేతిలోని మూటను చూచి, గోదావరిలో విడుతురేమోయని మేము భయపడితిమి. వారు మూటను మెట్టుపై నుంచి, మూడు మునకలు వేసి వచ్చిరి.

అక్షరాభ్యాసమునకు మేము సిద్ధమగువేళకు మామగారు అంగడినుండి గంపెడు కొబ్బరికాయలు మోయించుకొని వచ్చి, తపాలావారి ముందు దింపించి, "ఓడినది నేను" అనిరి. వారేదో చెప్పబోగా వలదని చేయి చూపిరి. పిమ్మట వసారా మూల కూర్చుండి, ఆ పండ్రెండంగుళముల బాకుతోనే ఒక్కొక్క కాయకు పీచు ఒలువసాగిరి. లోపల మా చిన్నది పంతులుగారి యొడిలో కూర్చుండి, బియ్యముపై వ్రేలుపెట్టి "ఓ" దిద్దుచుండెను.