సంతలో పెద్దాయన

2019 అక్టోబరులో యాహూ గుంపులు మూతపడుతున్నాయని తెలియగానే మా స్నేహితుల గుంపులోవి దించుకోవడం మొదలెట్టా. ఫైళ్ళు వచ్చాయి. ముంచింగిపుట్టు మీదుగా జోలాపుట్ డ్యాం చూడ్డానికి వెళ్ళినప్పటి ఫోటోలూ వచ్చాయి. పేర్లు మాత్రం ఒట్టి అంకెలే.

సంతలో నాన్న పక్కన నవ్వుతున్న పెద్దాయన ఎవరు? ఆ రాత్రి మాకు అన్నం పెట్టింది ఆయనే. పేరూ ఊరూ అప్పుడే రాశా, కానీ ఫోటో కింద కాదు, గుంపుకి పంపిన సందేశంలో. అదీ ఆర్టీయస్‌లో (అప్పట్లో తెలుగు లిపి సగంమందికి డబ్బాలుగా కనబడేది లెండి). మెయిల్‌బాక్సు నిండుతోందని సందేశాలు వెబ్‌లోనే చదివేవాణ్ణి, నా దగ్గర కాపీ లేదు. వాటిని తర్వాత దించుకోవచ్చులే అనుకున్నా. గడువు దాటిపోయింది.

అడుగుదామంటే నాన్న లేడు.

నిన్న ఆ ఫైలుకి పేరు మార్చా: ముంచింగిపుట్టు, సంత, నాన్న, అన్నం పెట్టినాయన.