బొంత చాటు పాట

ఏమండోయ్, ఇంట్లో పాత బొంతలు పారేస్తున్నారట? ఆగండాగండి! వాటి విలువ పాటలు పాడేవాళ్లని అడగండి, చెప్తారు.

మా పక్కింటి కుర్రాడు మంచి మైకు కొన్నాడు. కొన్నవాడు కొన్నట్టే హాల్లో నిలబడి పాడేశాడు. వింటే నూతిలోంచి పాడినట్టుంది. మైకుదేం తప్పులేదు పాపం, అంతా గోడల పని. ఖాళీ గోడలకీ టైల్సుకీ తగిలిన గొంతు తిరిగొచ్చి మళ్లీ మైకులో దూరుతుంది. ఒకసారి దూరిందా, ఇక దాన్ని పూర్తిగా వదిలించడం ఏ సాఫ్ట్‌వేరు తరమూ కాదు.

"పడగ్గదిలోకి పదరా" అన్నాను. పరుపుంది, కర్టెన్లున్నాయి. బట్టల బీరువా తలుపులు బార్లా తీయించాను. వాడి వెనక దండెం కట్టి రెండు బొంతలు వేలాడదీశాం. వెనకెందుకంటారా? మనం ఇళ్లల్లో వాడే మైకులు చాలావరకు ఎదురుగా వచ్చేదే ఎక్కువ వింటాయి. పాడేవాడి వీపు వెనక గోడే కదా వాటికి ఎదురు! ఈసారి విన్నాం. అబ్బ, గొంతు ఎంత దగ్గరగా వచ్చిందో!

ఫ్యాను ఆపాలా అని మాత్రం అడక్కండి. ఆపాలి. మే నెలైనా సరే. టేకుకీ టేకుకీ మధ్య వేసుకోండి, ఎవరొద్దన్నారు?

మైకుకి జానెడు దూరం చాలు. మరీ మూతికి ఆనిస్తే గొంతు బరువెక్కిపోతుంది. ఏదీ, నోటి ముందు అరచెయ్యి పెట్టుకుని "భలే" అనండి. గాలి తగిలిందా? అదే మైకులో దభీమంటుంది. పాప్ ఫిల్టరు అడ్డం పెట్టి, మైకుని కాస్త పక్కకి తిప్పితే సరి. గెయిన్ కూడా ఎక్కువ పెంచకండి. 24 బిట్లలో రికార్డు చేసేటప్పుడు మీటరు మైనస్ 12 దగ్గర ఆడితే బోలెడు.

పడగ్గదని చిన్నచూపా? గాయని బిల్లీ ఐలిష్ మొదటి ఆల్బమ్ చాలావరకు లాస్ ఏంజెలెస్‌లో వాళ్లన్న ఫినియస్ పడగ్గదిలోనే తయారైంది. 2020లో గ్రామీ కొట్టుకొచ్చింది!

మిక్సింగులో నాకు మహా ఇష్టమైనదొకటి చెప్పనా? ఊపిరి. చాలామంది ఆ చప్పుడు ఎక్కడ కనిపిస్తే అక్కడ కత్తిరించేస్తారు. ఎందుకండీ అంత తొందర? హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. చరణం ఎత్తుకునే ముందు పెదవులు విడివడతాయి, సన్నగా గాలి లోపలికెళ్తుంది, ఆ వెంటనే సాహిత్యం. ఆ ఊపిరి తీసేస్తే పాట ఉంటుంది గానీ పాడే మనిషి ఉండడు. గొంతులో హెచ్చుతగ్గులు సర్దే కంప్రెసరు వేస్తే ఊపిరి కూడా పైకి తేలుతుంది, నిజమే. అక్కడక్కడ కాస్త తగ్గించండి, అంతే. 80 హెర్ట్జ్ కిందున్న గుర్రుగుర్రు మాత్రం నిర్మొహమాటంగా కోసేయండి. 'స', 'శ' చెవిలో గుచ్చుకుంటే వాటికి డీఎస్సరుంది.

గొంతు నిండుగా రావాలంటే అదే లైను రెండోసారి పాడి కలపాలి. బీటిల్స్ గాయకుడు జాన్ లెనన్‌కి అలా రెండుసార్లు పాడటమంటే మహా విసుగు. ఆయన బాధ చూడలేక 1966లో ఇంజనీరు కెన్ టౌన్‌సెండ్ టేపుతోనే రెండో గొంతు పుట్టించే ఉపాయం కనిపెట్టాడు! ఇప్పుడది ఓ క్లిక్కు. అయినా మీరు మళ్లీ పాడండి. రెండు గొంతుల మధ్య వెంట్రుకవాసి తేడా ఉంటుంది చూడండి, అందులోనే ఉంది మజా.

చివరగా రీవెర్బ్, అంటే మనం కావాలని కలిపే ప్రతిధ్వని. ముందే తడిపేయకండి. కొద్దికొద్దిగా వేస్తూ, హెడ్‌ఫోన్స్ తీసి ఫోను స్పీకర్లో వినండి. మాట స్పష్టంగా వినబడుతోందా? లేకపోతే ఇంకొంచెం తగ్గించి మళ్లీ వినండి.