కాస్త తగ్గించరా!

మా ఇంట్లో నాలుగైదేళ్ళుగా అన్నిటికన్నా ఎక్కువసార్లు వినబడిన మాట "భోజనానికి రండి" కాదు, "కాస్త తగ్గించరా!" అన్నది. అనేవాణ్ణి నేను. వినవలసినవాడు మా అబ్బాయి. కాలేజీ సెలవలకి ఇంటికొస్తే బేస్‌మెంట్‌లో కంప్యూటరు ముందు కూర్చుని పాటలు కడుతూంటాడు. పాటలంటే పల్లవీ చరణాలూ ఉంటాయనుకునేరు! దుం దుం మని ఒక శబ్దం, పైన వంటింట్లో గిన్నెలు కూడా కదిలేట్టు. దాన్ని సింథ్ బేస్ అంటారట.

మొన్న క్రిస్మస్ సెలవల్లో, మన ఉగాది కార్యక్రమంలో పిల్లల డాన్సుకి సంగీతం చేసిపెడతానని ఒప్పుకున్నాడు. చేసింది నా ఫోనుకి పంపాడు. విని, "ఒరేయ్, ఇన్నాళ్ళూ ఇల్లు అదరగొట్టావు కదా, ఇందులో నీ దుం దుం ఏదిరా?" అన్నాను. నవ్వుతాడనుకున్నాను. మొహం చిన్నబుచ్చుకుని, "కిందకి రా నాన్నా" అన్నాడు. ఫర్నేసు ఫిల్టరు మార్చడానికి తప్ప నేనా మెట్లు దిగి ఎన్నాళ్ళయిందో!

వాడు చెప్పినదాంట్లో నాకర్థమయింది ఇదీ. ఆ బేస్ స్వరం సెకనుకి 55 సార్లు కంపిస్తుంది. గోరంత ఫోను స్పీకరు అంత కిందికి దిగలేదు. వాల్యూమ్ పెంచినా లాభం లేదు. దానికి పైన 110, 165, 220 దగ్గర పలికే హార్మోనిక్స్ ఉంటాయి కదా, వాటికి బలం ఇవ్వాలి. అవి చెవిన పడితే చాలు, వాటి మధ్య ఉన్న 55 ఎడాన్ని పట్టుకుని, స్పీకరు పలకని అడుగు స్వరాన్ని మన మెదడే పూరించుకుంటుందట.

అందుకని వాడు బేస్‌ని రెండు పాయలుగా చీల్చాడు. అడుగు పాయని అటూ ఇటూ చెదరనివ్వకుండా నట్టనడుమ ఉంచాడు. పై పాయని కొంచెం గరుకు చేశాడు. దీన్ని శాచ్యురేషన్ అంటారు. ఆ గరుకులోంచే కొత్త హార్మోనిక్స్ పుడతాయి. ఆ తరవాత, డ్రమ్ము దెబ్బ పడ్డప్పుడల్లా బేస్ ఒక్క లిప్త కాలం తగ్గి దారిచ్చేట్టు ఏర్పాటు చేశాడు. దానిపేరు సైడ్‌చెయిన్. ఇద్దరూ ఒకే గుమ్మంలో తోసుకుంటే ఎవరూ లోపలికి రాలేరు కదా! మళ్ళీ నా ఫోనులో వినిపించాడు. ఈసారి దుం దుం నాకూ వినబడింది.

"ఇదంతా ఎక్కడ నేర్చావురా?" అంటే, "ఇది మన ఊరి సంగీతమే నాన్నా" అన్నాడు. నిజమే. డెట్రాయిట్ విమానాశ్రయానికి పక్కనే ఉన్న బెల్‌విల్‌లో చదువుకున్న వాన్ ఆట్కిన్స్, అతని స్నేహితులూ 1980లలో టెక్నో సంగీతానికి ప్రాణం పోశారు. 1996లో ఉద్యోగానికి వచ్చిన నేను బెల్‌విల్ మీదుగా ఎన్నిసార్లు కారు నడిపానో లెక్కలేదు. ఆ సంగతి మాత్రం తెలియలేదు. గిటారు వాయించేవాళ్ళకి తోడుగా ఉంటుందని రోలాండ్ కంపెనీ చేసిన టీబీ-303 అనే బేస్ పెట్టె అమ్ముడుపోక, 1984లో ఆపేశారు. చవగ్గా దొరికిన ఆ పెట్టెతోనే చికాగో కుర్రాళ్ళు ఫిల్టరు మరలు తిప్పుతూ 1987లో 'యాసిడ్ ట్రాక్స్' చేశారు. అంతకు ముందే, 1982లో, బొంబాయిలో చరణ్‌జిత్ సింగ్ అదే పెట్టెతో మన రాగాలు వాయించి రికార్డు వేశాడు!

రాగాలనేసరికి నాకు మా నాన్నగారు గుర్తొచ్చారు. తెనాలిలో పిల్లలకి మృదంగం చెప్పేవారు. కచేరీకి ముందు ఎడమ మూతకి తడిపిన రవ్వ ముద్ద అద్దేవారు. ఆ బరువుకి శ్రుతి దిగి, నాదం గుమ్మంగా వస్తుంది. కుడి మూత మీద నల్లటి ముద్ద ఉంటుంది కదా, దానివల్లే మన మృదంగం హార్మోనిక్స్ పలుకుతుందని, విశాఖపట్నంలో చదువుకున్న సి.వి. రామన్ 1920లోనే రాశాడు. ఇది చెప్పగానే మావాడు కుర్చీలోంచి లేచి, "అంటే తాతగారు కూడా బేస్ ప్రాసెసింగ్ చేసేవారన్నమాట! రవ్వ ఎంత వేసేవారు?" అన్నాడు.

నేను చెప్పలేకపోయాను. ఎప్పుడూ దగ్గర కూర్చుని చూసినవాణ్ణి కాను.

చెప్పలేకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. 1999 వేసవిలో నాన్నగారు మా దగ్గరకి వచ్చారు. అప్పుడు అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. ఒక సాయంత్రం మా ఆవిడనడిగి ఉప్మా రవ్వ తీసుకుని, మృదంగానికి అద్ది మొదలుపెట్టారు. కిందింటివాళ్ళు తలుపు కొట్టారు. "కాస్త తగ్గించండి నాన్నగారూ" అన్నాను. ఆయన ఏమీ అనలేదు. చెంచాతో రవ్వంతా గీకేసి, గుడ్డతో తుడిచి, గలీబు తొడిగేశారు. వెళ్ళేదాకా మళ్ళీ తీయలేదు. మావాడు పుట్టకముందే పోయారు.

ఆయన మృదంగం ఇరవై ఏళ్ళుగా మా క్లోజెట్‌లోనే ఉంది. ఆ రాత్రి కిందకి దింపాం. కుడి మూత ఎండి మూగబోయింది. రవ్వ తడిపి ఎడమ మూతకి అద్దితే మొదటిసారి నీళ్ళెక్కువై జారింది, రెండోసారి గట్టిపడి ఊడింది. మూడోసారి నిలిచింది. నేను వచ్చీరాని చేత్తో కొట్టాను, వాడు మైకు పెట్టాడు. ఆ నాదాన్ని తన బేస్ అడుగున కలిపాడు. "విడిగా వినబడదు నాన్నా, తీసేస్తే మాత్రం తెలుస్తుంది" అన్నాడు.

ఉగాదినాడు పిల్లల డాన్సు ఐటమ్‌కి హాలు కాస్త అదిరితే, తగ్గించమని చెప్పమంటూ దయచేసి నా దగ్గరకి రాకండి. ఆ మాట ఇద్దరితో అన్నాను. ఇంక అనను.