ఆ కాసేపు

లేపాక్షి మండపంలో ఒకే దృశ్యాన్ని వేర్వేరు ఎక్స్‌పోజర్లతో తీసిన మూడు ఫోటోలు తెర మీదున్నాయి. ఒకదానిలో ఆకాశం నిలిచింది, ఒకదానిలో కప్పు మీది బొమ్మల రంగులు తేలాయి, మధ్యది రెంటికీ చెందదు.

వీటిని కలపడానికి ఏ సాఫ్ట్‌వేర్? మొదట చూసినది మూలమూలనా వెలుగు నింపి స్తంభాల నీడల్ని చెరిపేసింది. నాకు నచ్చలేదు. ఉచితంగా దొరికే లూమినెన్స్ హెచ్‌డీఆర్‌లో రైన్‌హార్డ్ అనే టోన్ మ్యాపింగ్ పద్ధతి నీడను నీడగా ఉండనిచ్చింది.

1850లలోనే ఫ్రాన్స్‌లో గుస్తావ్ లె గ్రే అనే ఫోటోగ్రాఫర్ సముద్రానికో నెగెటివ్, మేఘాలకో నెగెటివ్ వాడి ఒకే చిత్రంగా అచ్చువేశాడు. రెండు వెలుగుల్నీ ఒకే చిత్రంలో పట్టాలనే ఈ దిగులు ఎంత పాతదో!

ఆ రోజు ఎండలోంచి మండపంలోకి అడుగుపెట్టగానే అమ్మ అంది: “ఆగరా, కళ్ళు అలవాటు పడనీ.” కాసేపటికి రంగులు ఒక్కొక్కటే పైకొచ్చాయి.

స్లైడర్‌ని కొంచెం చీకటివైపు జరిపాను. అమ్మ పక్కనే నిలబడినట్టుంది.