దాదీ నజర్



మొన్న బక్రీద్‌కి నర్సీపట్నం వెళ్ళాను. అబీద్ సెంటర్ దగ్గర మా పాత ఇంట్లో, ఖానా అయ్యాక, తమ్ముడి షాదీ ఆల్బమ్ బయటికొచ్చింది. ఒక గ్రూపు ఫొటో దగ్గర అందరం ఆగాం.

"మీ ఖాలా మొహం చూడు, అప్పుడే ఏడ్చొచ్చినట్టు ఉంది" అంది అమ్మీ. తమ్ముడిది కరెంటు పని. "వెనకాల సీరియల్ లైట్లు ఒక వరస వెలగనే లేదు" అన్నాడు. నాకేమో ముందు బ్యానరే కనబడింది. అబ్బా పేరులో ఒక అక్షరం ఎగిరిపోయింది. ఇన్నేళ్ళలో ఖాలా మొహం నేను పట్టించుకోలేదు, ఆ అక్షరం అమ్మీ పట్టించుకోలేదు. తస్వీర్ మాత్రం ఒకటే.

నిజానికి మన కంటికి ఒకేసారి సాఫ్‌గా కనబడేది చాలా తక్కువ. చెయ్యి పూర్తిగా చాపి బొటనవేలి గోరు చూడండి. ఇంచుమించు అంతే. మిగతాదంతా మసకే. అందుకే కన్ను సెకనుకి మూడు నాలుగు సార్లు గెంతుతూ ఉంటుంది. ఆగినచోట చూస్తుంది, మళ్ళీ గెంతుతుంది. వెయ్యేళ్ళ కిందట కైరోలో 'కితాబుల్ మనాజిర్' రాసిన ఇబ్న్ అల్ హైసమ్ కూడా, ఒక్క చూపులో తెలిసేది వేరు, కంటిని వస్తువంతా తిప్పి నిదానంగా చూస్తే తెలిసేది వేరు అని చెప్పారు.

ఆ గెంతులు ఎవరివి వాళ్ళవే. బెన్ డి హాస్ అనే శాస్త్రవేత్త బృందం వందల ఫొటోలు చూపించి మనుషుల కళ్ళు ఎక్కడెక్కడ ఆగుతున్నాయో కొలిచింది. 2019లో అచ్చయిన ఆ పరిశోధనలో కొందరి కళ్ళు మొహాల మీదికి, కొందరివి అక్షరాల మీదికి, కొందరివి తిండి మీదికి ఎక్కువగా పోయాయి. కొన్ని వారాల తర్వాత మళ్ళీ పరీక్షించినా ఎవరి ఆదత్ వాళ్ళకే ఉంది.

ఇది చదివిన రోజు నాకు మా దాదీ గుర్తొచ్చింది. గుర్తొచ్చి శర్మిందా అయ్యాను.

దాదీకి ఉర్దూ బాగా వచ్చు. తెలుగు మాట్లాడేది గానీ చదవడం రాదు. ఆదివారం పేపర్లో పిల్లల బొమ్మల కథ వచ్చేది. ఒకసారి అందులో నాలుగు బొమ్మలు. కుర్రాడు మామిడిచెట్టు ఎక్కుతాడు. కాపలావాడు వస్తాడు. కుర్రాడు పడిపోతాడు. జాలిపడి కాపలావాడే వాడికి పండిస్తాడు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని దాదీ ఆ కథ చెప్పింది, కుడివైపు నుంచి. "కాపలావాడు మంచోడు, పిల్లాడికి పండిచ్చాడు. ఇంకోటి కోసుకోబోయి వీడు పడ్డాడు. పాపం, వాడు పరిగెత్తుకొచ్చాడు. ఐనా చూడు, మళ్ళీ చెట్టెక్కాడు, షాబాష్!"

నాకు పదేళ్ళు. పడీపడీ నవ్వాను. "దాదీ అంతా ఉల్టా చదువుతుంది" అని ఇంట్లో అందరికీ చెప్పాను. పక్కింటి పిల్లలకీ చెప్పాను. దాదీ ఏమీ అనలేదు. పేపరు మడిచి చాపకింద పెట్టింది. ఆ తర్వాత ఎప్పుడూ నాకు బొమ్మల కథ చెప్పలేదు.

దాదీది గల్తీ కాదు. 1991లో బార్బరా ట్వర్‌స్కీ బృందం పిల్లలకీ పెద్దలకీ కాగితం మీద స్టిక్కర్లు పెట్టమని ఇచ్చింది, పొద్దుటి తిండికి ఒకటి, మధ్యాహ్నానికి ఒకటి, రాత్రికి ఒకటి. ఇంగ్లీషు వాళ్ళు ఎక్కువగా ఎడమ నుంచి కుడికి పేర్చారు. అరబీ వాళ్ళు ఎక్కువగా కుడి నుంచి ఎడమకి. చదివే లిపి ఎటు నడిస్తే వాళ్ళ రోజూ అటే నడిచింది.

కన్ను కూడా అంతే. ఇంగ్లీషు చదివేటప్పుడు చూపు ఆగినచోటికి ఎడమవైపు 3, 4 అక్షరాలే పనికొస్తాయి. కుడివైపు 14, 15 దాకా అందుతాయి. రాబోయే మాట అటే ఉంది కాబట్టి. ఉర్దూ, ఇంగ్లీషు రెండూ వచ్చినవాళ్ళ మీద 2014లో ఒక పరిశోధన వచ్చింది. ఇంగ్లీషు చదివేటప్పుడు వాళ్ళ చూపు కుడికి ఎక్కువ సాగింది, ఉర్దూ చదివేటప్పుడు ఎడమకి. మనిషి అదే, కళ్ళూ అవే.

నా కళ్ళు ఒకవైపే మిగిలాయి. స్కూలు, కాలేజీ, నౌకరీ, అంతా తెలుగూ ఇంగ్లీషే. ఉర్దూ వదిలేశాను. దాదీ ఇంతికాల్ అయ్యాక ఆమె పెట్టెలో ఒక నోటుపుస్తకం దొరికింది. నేనది తెరిచింది వెనక నుంచి. అది వెనకని నాకు అర్థం కావడానికే కాసేపు పట్టింది. ఒక్కో హర్ఫ్ కూడబలుక్కుంటుంటే లైను చివరికొచ్చేసరికి మొదలు మర్చిపోతున్నాను.

మా పాపకి ఎనిమిదేళ్ళు. ఖుర్ఆన్ నాజిరా నేర్చుకుంటోంది. ఆగి ఆగి చదువుతుంటే "కళ్ళు ఎక్కడున్నాయి నీకు, ధ్యానం పెట్టు" అని ఎన్నిసార్లు కసిరానో. కొత్తగా చదువు నేర్చుకునే పిల్లలకి ఒక్క చూపులో అందే అక్షరాలే తక్కువ. పైగా పొద్దున స్కూల్లో ఒకవైపు, సాయంత్రం ఇంకోవైపు.

ఇప్పుడు కసరడం మానేశాను. మగ్రిబ్ అయ్యాక దాని సబక్ అది చదువుకుంటుంది, పక్కనే నేను దాదీ నోటుపుస్తకం. ఇద్దరం వేలు పెట్టుకునే చదువుతాం. మొదటి పేజీలో ఉన్నది ఎవరెవరికి ఎంత ఇవ్వాలో రాసుకున్న హిసాబ్. పాలవాడికి, గాజుల ఆమెకి, నా స్కూలు ఫీజుకి. అక్కడిదాకా వచ్చాను.

నిన్న పాప అడిగింది, "అందులో కథలు లేవా?" అని. చెట్టెక్కిన కుర్రాడి కథ చెప్పాను. దాదీ చెప్పినట్టే, కుడివైపు నుంచి.